ఎడమ సగం హాజరు

అంతా ఒక స్టేప్లర్ వల్ల వచ్చింది. ఆ స్టేప్లర్ నాది. ఈ సంగతి మా ఆవిడకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

నా పేరు అద్దేపల్లి భీమలింగం. ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ రిజిస్ట్రారుని. అకడమిక్ సెక్షను నాది. విశ్వవిద్యాలయం పేరు మాత్రం అడక్కండి, నాకింకా పద్నాలుగు నెలల సర్వీసు ఉంది.

ఆరేళ్ళ కిందట మా వైస్ చాన్సలర్ గారు ఏదో సదస్సుకు వెళ్ళి 'సమీకృతం' అనే మాట పట్టుకొచ్చారు. ఆ రోజు నుంచి ఆయన కంటికి ఏదీ విడివిడిగా ఆనలేదు. క్యాంటీన్లో ఇడ్లీనీ సాంబారునూ సమీకృతంగా వడ్డించాలని సర్క్యులర్ ఇచ్చారు. ముందు నుంచీ అలాగే వడ్డిస్తున్నారని ఆయనతో ఎవరూ అనలేదు. ఆ వారంలోనే లా, బిజినెస్ కలిపి అయిదేళ్ళ సమీకృత డిగ్రీ మొదలుపెడుతున్నామని పత్రికలవాళ్ళకు చెప్పేశారు. మాకు ఆ సంగతి మర్నాడు పత్రికలో చదివితే తెలిసింది.

రిజిస్ట్రారు త్రివిక్రమం గారు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నన్ను పిలిచారు.

"భీమలింగం గారూ, రేపు పదకొండింటికి అకడమిక్ కౌన్సిల్. ఈ కోర్సుకి నియమావళి కావాలి. కొత్తగా ఏమీ రాయకండి. కొత్తగా రాస్తే చదువుతారు."

నా బీరువాలో లా కాలేజీ పాత నియమావళి ఒకటి, మేనేజ్‌మెంట్ కాలేజీది ఒకటి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి స్టేప్లర్ నొక్కాను. పైన ఒక కాగితం చేర్చి, "ఈ రెండు నియమావళులూ ప్రతి విద్యార్థికీ ఏకకాలంలో, సంపూర్ణంగా వర్తిస్తాయి" అని టైపు చేయించాను. ఆ వాక్యం చూసుకుంటే నాకే ముచ్చటేసింది. మర్నాడు నలభై ఆరుగురు సభ్యుల కౌన్సిల్ సమోసాలకీ టీకీ మధ్య దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

రెండు నియమావళుల్లోనూ నాలుగో పేజీ ఒకటే. "విద్యార్థి ఉదయం పది గంటల నుంచి సాయంత్రం నాలుగు గంటల వరకు ఈ విభాగపు తరగతి గదిలోనే ఉండవలెను. డెబ్బై అయిదు శాతం హాజరు లేనివారు పరీక్షకు అనర్హులు." ఇది నా కళ్ళ పడింది తరగతులు మొదలైన రోజున, పది గంటలకు.

లా క్లాసు పదకొండో నంబరు గదిలో. బిజినెస్ క్లాసు పక్కనే, పన్నెండో నంబరు గదిలో. వరండాలో అరవై మంది పిల్లలు కొత్త బట్టలతో నిలబడి ఉన్నారు. ఒక గుమ్మంలో లా విభాగాధిపతి వేదాంతం గారు, రెండో గుమ్మంలో మేనేజ్‌మెంట్ విభాగాధిపతి మృదుల గారు, ఇద్దరి చేతుల్లోనూ హాజరు పట్టీలు.

"న్యాయశాస్త్రం అవిభాజ్యమైనది. సగం మనసుతో వచ్చేవాళ్ళు నాకక్కర్లేదు. పది నుంచి నాలుగు వరకు నా గదిలోనే ఉండాలి" అన్నారు వేదాంతం గారు.

"మేం కూడా ఫుల్‌టైమ్ ఎంగేజ్‌మెంట్ మోడల్లోనే ఉన్నామండీ. స్టూడెంట్ బ్యాండ్‌విడ్త్ మొత్తం మాకు కావాలి" అన్నారు మృదుల గారు నవ్వుతూ. ఆవిడ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు.

వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. పేరు గంధం ప్రశాంతి. నరసరావుపేట నుంచి వచ్చింది, వాళ్ళమ్మ అక్కడ టైలరు. "సార్, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి పెడితే సరిపోదా?" అని అడిగింది.

అంత తేలికైన మాట ఆ ఆవరణలో ఎవరూ అనగా నేను వినలేదు. అందుకే దాన్ని పట్టించుకున్నవాళ్ళు కూడా లేరు.

మధ్యాహ్నానికల్లా వైస్ చాన్సలర్ గారి గదిలో సమావేశం. వాక్యం మార్చేద్దామని నేను నసిగాను. రిజిస్ట్రారు గారు నా వంక జాలిగా చూశారు.

"ఆ వాక్యాన్ని అకడమిక్ కౌన్సిల్ ఆమోదించిందండీ. మార్చాలంటే మళ్ళీ కౌన్సిల్, దానికి ముందు స్టాండింగ్ కమిటీ, అసలు ఎందుకు మారుస్తున్నామని ఒక సంజాయిషీ. ఆ మధ్య గోడ ఉంది చూశారూ, దాన్ని ఏ కౌన్సిలూ ఆమోదించలేదు."

మూడు రోజుల్లో గోడ పగలగొట్టారు.

గోడ ఉన్నచోట నేల మీద పసుపుపచ్చ గీత గీశారు. ఆ గీత మీద వరసగా కుర్చీలు. కుర్చీలో కూర్చున్నవాడి ఎడమ సగం పదకొండో నంబరు గదిలోనూ, కుడి సగం పన్నెండో నంబరు గదిలోనూ ఉంటుంది. రెండు నియమావళులూ ఏకకాలంలో, సంపూర్ణంగా అమలవుతాయి. వైస్ చాన్సలర్ గారు వచ్చి, మొదటి కుర్చీలో స్వయంగా కూర్చుని, "ఇది భవనం కాదు, భావన" అన్నారు. ఫొటోలు తీశారు.

గీత మీద పదిహేను కుర్చీలే పట్టాయి. మిగిలిన నలభై అయిదు మంది కోసం గీతను వెనక్కి పొడిగించాల్సి వచ్చింది. వెనక గోడ, దాని వెనక స్టాఫ్ రూము గోడ, ఆ తర్వాత వరండా పిట్టగోడ పోయాయి. చివరికి వరస సైకిల్ స్టాండు దాకా వెళ్ళింది. యాభై మూడో నంబరు నుంచి అందరూ గొడుగులతో వచ్చేవాళ్ళు. పగలగొట్టిన రాళ్ళు మాత్రం వరండాలోనే ఉండిపోయాయి. టెండరులో పగలగొట్టడం గురించే ఉందనీ, ఎత్తడం గురించి లేదనీ కాంట్రాక్టరు చెప్పాడు. కాగితం తీసి చూస్తే అతను చెప్పింది నిజమే.

ఇద్దరు లెక్చరర్లు గీతకు అటొకరు ఇటొకరు నడుస్తూ ఒకేసారి పాఠం చెప్పేవారు. నేనోసారి ప్రశాంతి నోట్సు చూశాను. "నేరం రుజువు కావాలంటే ముందుగా వినియోగదారుడి అవసరాన్ని గుర్తించాలి. నిందితుడికి సందేహం కలిగినచో రెండు కొంటే ఒకటి ఉచితము" అని ఉంది. ఆ సెమిస్టరులో లా పేపరు దిద్దినవారు ఆ జవాబుకు నూతన దృక్పథమని మార్కులు వేశారు. మేనేజ్‌మెంట్ పేపరు దిద్దినవారు నైతిక విలువలు ఉన్నాయని వేశారు. నాకు పరీక్షల విభాగం మీద ఉన్న కాస్త నమ్మకమూ ఆ రోజుతో పోయింది.

హాజరు వేలిముద్రల యంత్రాలతో. గీతకు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. రెండు బొటనవేళ్ళూ ఒకే క్షణంలో నొక్కాలి. ఒకటి ముందు, ఒకటి తర్వాత నొక్కితే ఆ మధ్య కాలంలో విద్యార్థి ఒక విభాగంలో లేనట్టేనని వేదాంతం గారు పాయింటు లేవదీశారు. అది చాలా సూక్ష్మమైన పాయింటని అందరూ మెచ్చుకున్నారు.

రెండో ఏడాది యూనిఫారం వచ్చింది. లా వాళ్ళకు నల్లకోటు, మేనేజ్‌మెంట్ వాళ్ళకు బూడిదరంగు బ్లేజరు. కాబట్టి ఎడమ సగం నలుపు, కుడి సగం బూడిదరంగు. అలాంటి కోటు కుట్టడం ఊళ్ళో ఎవరికీ చేతకాలేదు. ప్రశాంతి వాళ్ళమ్మ సామ్రాజ్యం గారు కొలతలు తీసుకోవడానికి నా గదికి వచ్చింది.

"ఏంది సార్ ఇది? రెండు మంచి కోట్లు చించి ఒకటి కుట్టమంటారా?" అంది.

"నియమావళి అమ్మా."

"ఎవరు రాశారో గానీ సార్, ఆయనకి ఒకసారి కొలతలు తీసుకోవాలని ఉంది."

నేను తల వంచుకుని స్టేప్లర్ను సొరుగులో పెట్టేశాను.

ఆవిడ కుట్టిన కోట్లు చక్కగా కుదిరాయి. తర్వాతి బ్యాచీలన్నిటికీ ఆర్డరు ఆవిడకే వచ్చింది. ఆ దన్నుతో నరసరావుపేటలో పెద్ద దుకాణం తెరిచింది. బిజినెస్ చదువుతోంది కదా అని దుకాణాన్ని కూతురి పేరుతోనే రిజిస్టరు చేయించింది. బోర్డు మీద "ప్రశాంతి యూనిఫారమ్స్, ప్రొప్రైటరు: గంధం ప్రశాంతి" అని రాయించింది. లా పూర్తి చేసి కోర్టుకు వెళ్ళాలనీ, సాయంత్రాలు అమ్మకు దుకాణంలో చేదోడుగా ఉండాలనీ ఆ పిల్ల కోరిక. "అందుకే గదా సార్ రెండూ ఉన్న కోర్సులో చేరింది" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది. మనం చేసిన తప్పు ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి పనికొస్తోందని అనుకోవడంలో ఉన్న సుఖమే వేరు.

మూడో ఏడాది తనిఖీకి రెండు బృందాలు వచ్చాయి. లా కోర్సులకు అనుమతి ఇచ్చేది ఒక మండలి, మేనేజ్‌మెంట్ కోర్సులకు ఇచ్చేది ఇంకో మండలి. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒకే రోజున వచ్చి, ఒకరు గీతకు ఎడమవైపు కూర్చుని అరవై మందిని లెక్కపెట్టుకున్నారు. ఇంకొకరు కుడివైపు కూర్చుని అరవై మందిని లెక్కపెట్టుకున్నారు. రెండు నివేదికలూ కలిపి నూట ఇరవై మంది పూర్తికాలపు విద్యార్థులని మేం పైకి పంపించాం. వైస్ చాన్సలర్ గారు దాన్ని ఉత్పాదకత అన్నారు. ఆ ఏడాది ఆయనకు ఉత్తమ దార్శనికుడని ఒక శాలువా కూడా పడింది.

ఇక్కడి దాకా ఇదంతా సరదాగానే ఉంది. చివరి సెమిస్టరు రెండో వారంలో ప్రశాంతి వరండాలోని రాళ్ళ మీద కాలు జారి పడింది. కుడిచెయ్యి విరిగింది. మోచేతి నుంచి బొటనవేలి కొస దాకా కట్టు వేశారు, ఏడు వారాలు.

ఆ పిల్ల ఒక్క రోజు మానలేదు. కట్టు చేతిని మెడకు వేలాడేసుకుని వచ్చి, పందొమ్మిదో కుర్చీలో, గీత మీద కూర్చునేది. ఎడమ బొటనవేలు ఎడమ యంత్రం మీద నొక్కేది. యంత్రం కీచుమని ఒప్పుకునేది. కుడి యంత్రం ముందు కట్టు పెట్టేది. అది ఎర్రదీపం వెలిగించేది.

పరీక్షలకు మూడు వారాల ముందు హాజరు జాబితా నా టేబుల్ మీదికి వచ్చింది. గంధం ప్రశాంతి, ఎడమ: నూటికి నూరు. కుడి: అరవై ఒకటి. ఎదురుగా ఎర్ర సిరాతో "కుడి సగం డిటెయిన్డ్" అని ఉంది. అంటే ఆమె కుడి సగం ఇంకో ఏడాది పన్నెండో నంబరు గదిలో కూర్చోవాలి. ఎడమ సగం పాసై వెళ్ళిపోవచ్చు.

నవ్వు రావాలి గానీ రాలేదు. అయిదేళ్ళూ ఒక్క రోజు కూడా మానని పిల్ల ఏడాది పోగొట్టుకోబోతోంది, నేను ఒక కాగితం తిరగేసి చూడనందుకు.

మర్నాడు ప్రశాంతి డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని వచ్చింది. గైర్హాజరును మన్నించే దరఖాస్తు ఒకటుంది, కాండొనేషన్ అంటారు, అది నింపింది. రిజిస్ట్రారు గారు తిప్పి పంపేశారు. "దరఖాస్తుదారు గైర్హాజరు అయినట్లు ఆధారము లేదు. లేని గైర్హాజరును మన్నించుటకు నియమము లేదు" అని రాశారు.

"సార్, వచ్చానని ఒప్పుకున్నారు కదా. మరి రాలేదని ఎట్లా ఆపుతారు?" అంది నా ఎదురుగా నిలబడి.

"నువ్వు వచ్చావమ్మా. నీ కుడి సగం రాలేదంతే."

అన్నాక నాకే సిగ్గేసింది. ఆ పిల్ల కట్టు విప్పిన చేత్తో సంచీలోంచి ఇంకో కాగితం తీసింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. కోర్సు నియమావళి మూలప్రతి నకలు, మూడో ఏడాది తనిఖీ నివేదికల నకళ్ళు కావాలి. జవాబివ్వడానికి మాకు ముప్పయి రోజుల గడువుంది. ముప్పయ్యో రోజు సాయంత్రం అయిదింటికి ఇవ్వడం మా సెక్షను ఆచారం. నేను నియమావళి నకలు అప్పుడే చేతికిచ్చి, తనిఖీ నివేదికలు పావుగంటలో తీయించి ఇచ్చేశాను. మా గుమాస్తా నాకు ఒంట్లో బాగాలేదనుకున్నాడు.

స్టాండింగ్ కమిటీ సమావేశానికి ఆమెను పిలిచారు. బల్లకు అవతల వైస్ చాన్సలర్ గారు, రిజిస్ట్రారు గారు, వేదాంతం గారు, మృదుల గారు. చివర మినిట్స్ రాసుకుంటూ నేను. ప్రశాంతి సగం నలుపు, సగం బూడిదరంగు కోటు వేసుకుని వచ్చి నమస్కారం పెట్టింది.

"చూడమ్మా, మాకు నీ మీద కోపం లేదు. నీ ఎడమ సగం ఈ సంస్థకు గర్వకారణం" అన్నారు వైస్ చాన్సలర్ గారు.

"నూటికి నూరు శాతం. నా సర్వీసులో చూళ్ళేదు" అన్నారు వేదాంతం గారు.

"కుడివైపు మాత్రం కమిట్‌మెంట్ ఇష్యూ ఉంది. వచ్చే ఏడాది మంచి లెర్నింగ్ జర్నీ అవుతుంది, పాజిటివ్‌గా తీసుకో" అన్నారు మృదుల గారు నవ్వుతూ.

"అట్లాగే మేడం. అయితే లా పరీక్ష ఈ ఏడాదే రాయొచ్చా?"

"నిస్సందేహంగా. ఎడమ సగానికి హాల్ టికెట్ ఇస్తాం" అన్నారు రిజిస్ట్రారు గారు.

"నేను కుడిచేత్తో రాస్తాను సార్."

వేదాంతం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డిటెయిన్ అయిన వ్యక్తి పరీక్ష హాల్లోకి రాకూడదు. వస్తే ఆ జవాబుపత్రం చెల్లదు. కుడిచెయ్యి గుమ్మం బయటే ఆగిపోతే లా పేపరు రాసేదెవరు?

"ఎడమ సగానికి ఒక లేఖకుణ్ణి ఇద్దాం" అన్నారు రిజిస్ట్రారు గారు.

"లేఖకుణ్ణి అంగవైకల్యం ఉన్నవారికే ఇవ్వాలి. ఈవిడకు చెయ్యి ఉంది. కాకపోతే డిటెయిన్ అయింది" అన్నారు వేదాంతం గారు. అన్నవారికి కూడా ఆ మాట ఎక్కడికి పోతోందో తెలిసినట్టు లేదు.

ప్రశాంతి రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. "సార్, నేను రెండు పిటిషన్లు రాసుకొచ్చాను. ఏది పంపాలో మీరే చెప్పండి. సగం సగం వేరే విద్యార్థులే అంటే, నా కుడి సగాన్ని ఆపుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అప్పుడు లా విభాగంలో ఉన్నది అరవై సగాలు, అంటే ముప్పయి మంది. మేనేజ్‌మెంట్లోనూ ముప్పయే. కోర్సుకి కనీసం నలభై మంది పూర్తి విద్యార్థులుండాలని రెండు మండళ్ళ నిబంధన. ఇది రెండు మండళ్ళకూ రాసిన పిటిషను."

"అలా కాదమ్మా, విద్యార్థి అంటే ఒక సంపూర్ణ మూర్తిమత్వం. సగాలు చెయ్యడమేమిటి?" అన్నారు వైస్ చాన్సలర్ గారు కంగారుగా.

"మనిషి ఒక్కరే అంటే ఇది రెండో పిటిషను సార్. అప్పుడు నేను ఏడు వారాలూ క్లాసులో ఉన్నట్టే, హాల్ టికెట్ ఇవ్వాలి. కాకపోతే మనం నూట ఇరవై మందిమని రాసి పంపాం. సంతకం మీది." తనిఖీ నివేదిక నకలు తీసి పక్కన పెట్టింది. ఏ పిటిషను పంపితే ఎన్ని రోజుల్లో ఏమవుతుందో గీతలు గీసి, రంగులు వేసిన ఒక చార్టు కూడా పెట్టింది. మృదుల గారు అలవాటుకొద్దీ ఆ చార్టు బాగుందన్నారు. నవ్వు మాత్రం లేదు.

అందరూ రిజిస్ట్రారు గారి వంక చూశారు. ఆయన నా వంక చూశారు. ఇరవై తొమ్మిదేళ్ళలో నేను ఏ కమిటీలోనూ నోరు విప్పలేదు. మినిట్స్ రాసేవాడు మాట్లాడితే ఆ మాట ఎవరు రాస్తారనేది నా అభిప్రాయం. ఆ రోజు మాత్రం కలం పక్కన పెట్టాను.

"సార్, ఆటల పోటీలకు వెళ్ళినవాళ్ళకి ఆన్ డ్యూటీ ఇస్తున్నాం. విశ్వవిద్యాలయం పని మీద బయట ఉన్న కాలం హాజరు కిందే లెక్క. ఆ అమ్మాయి చెయ్యి విరిగింది మన రాళ్ళ మీదే గదా."

రిజిస్ట్రారు గారి మొహం వికసించింది. అయిదు నిమిషాల్లో తీర్మానం తయారైంది. ఇంతకాలం రాసిన తీర్మానాల్లో అదొక్కటే నాకు కంఠతా వచ్చు. "కుమారి గంధం ప్రశాంతి గారి కుడి హస్తము, విశ్వవిద్యాలయ ఆస్తియైన రాళ్ళపై పడినందున, సదరు ఏడు వారములు విశ్వవిద్యాలయము తరఫున వైద్యశాలా విధులలో ఉన్నట్లు పరిగణించి, కుడి సగమునకు పూర్తి హాజరు మంజూరు చేయడమైనది. ఎడమ సగము యథాతథము."

"రెండు సగాలకీ శుభాకాంక్షలు" అన్నారు వైస్ చాన్సలర్ గారు. ప్రశాంతి థాంక్స్ చెప్పి, తీర్మానం నకలు ఒకటి అడిగి తీసుకుని మరీ వెళ్ళింది.

ఆమె పరీక్ష రాసింది, మొదటి శ్రేణిలో పాసైంది. సామ్రాజ్యం గారు సెక్షనంతటికీ సున్నుండలు పంచింది. నా చేతిలో రెండు పెట్టి, "ఒకటి ఎడమ చేతికి, ఒకటి కుడి చేతికి సార్" అంది. వైస్ చాన్సలర్ గారు ఈలోగా ఫార్మసీని కూడా కలపాలని నిర్ణయించారు. ఒకే మనిషిని మూడు గదుల్లో కూర్చోబెట్టడం ఎలాగో చూడమని ఇంజినీరు గారికి ఫైలు వెళ్ళింది. ఆయన పైకప్పు వంక చూస్తూ తిరుగుతున్నారు.

నెల తర్వాత ప్రశాంతి మళ్ళీ వచ్చింది. లాయరుగా పేరు నమోదు చేసుకునే ఫారం తెచ్చింది. నా ఎదుట సంతకం చెయ్యాలి, నేను ధ్రువీకరించాలి. కుర్చీలో కూర్చుంది గానీ కలం తియ్యలేదు. ఫారం నా వైపు తిప్పి, తొమ్మిదో అంశం మీద వేలు పెట్టింది.

"నేను ఏ వ్యాపారమునందును నిమగ్నమై లేనని, ఇకపై ఉండనని ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను."

రెండుసార్లు చదివాను. లాయరుగా ఉండాలంటే వ్యాపారం చెయ్యకూడదు. వ్యాపారం చెయ్యాలంటే లాయరుగా ఉండకూడదు. అయిదేళ్ళ పాటు రెండిటినీ ఒకేసారి, ఒకే గీత మీద కూర్చోబెట్టి నేర్పించాం. ఈ ముక్క మాలో ఒక్కరికీ తట్టలేదు. వేదాంతం గారికి తప్పకుండా తెలిసే ఉంటుంది. ఆయన్ని ఎవరూ అడగలేదు, అడగనిది ఆయన చెప్పరు.

"దుకాణం నా పేరు మీద ఉంది సార్" అంది. "అమ్మ ఆ బోర్డు రోజూ తుడిచిద్ది. తీసెయ్యమని ఎట్లా చెప్పేది?"

నాకు ఇక దాచుకోవాలనిపించలేదు. "ప్రశాంతీ, ఆ రెండు నియమావళులూ కలిపింది నేనేనమ్మా. చదవకుండా స్టేప్లర్ కొట్టేశాను."

"తెలుసు సార్. మీరిచ్చిన నకలు మీద మీ పొడి సంతకం ఉంది."

"మరి అప్పుడే నన్ను నిలదియ్యలేదేం?"

"నిలదీస్తే తనిఖీ నివేదికలు ముప్పయ్యో రోజున ఇచ్చేవాళ్ళు గదా."

ఈ పిల్లకు మేనేజ్‌మెంట్ బాగానే వంటబట్టిందని అప్పుడర్థమైంది. ఆమె సంచీలోంచి కమిటీ తీర్మానం నకలు తీసి మడతలు విప్పింది. కుడి సగం వేరు, ఎడమ సగం వేరని విశ్వవిద్యాలయం ముద్రతో ఉన్న ఏకైక పత్రం అది. కలం ఎడమ చేతిలోకి తీసుకుంది. పలక మీద దిద్దుకునే పిల్లల అక్షరాల్లాంటి వంకర అక్షరాలతో తొమ్మిదో అంశం కింద "గంధం ప్రశాంతి, ఎడమ సగం తరఫున" అని రాసి, తీర్మానాన్ని ఫారానికి జత చెయ్యమని నాకిచ్చింది.

సొరుగులోంచి స్టేప్లర్ తీశాను. ఈసారి మాత్రం రెండు కాగితాలూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి నొక్కాను.

లాయర్ల పేర్లు నమోదు చేసే మండలివాళ్ళు తిప్పి కొడతారనే అనుకున్నాను. మూడు వారాలకు ఫారం తిరిగొచ్చింది కూడా. ప్రశాంతి దాన్ని నా టేబుల్ మీద పెట్టి నిలబడింది. తొమ్మిదో అంశం పక్కన, నాకు ఎంతో ఆత్మీయమైన ఎర్ర సిరాలో ఒకే ఒక్క అభ్యంతరం ఉంది. "ఎడమ సగము న్యాయవాద వృత్తి చేపట్టుటకు కుడి సగము నుండి నిరభ్యంతర పత్రము జతపరచవలెను."

నేను తెల్లకాగితం ఇచ్చాను. ఆమె కలం కుడిచేతిలోకి మార్చుకుని, గుండ్రటి అక్షరాలతో, ఎడమ సగం కోర్టుకు వెళ్ళడానికి తనకు ఎలాంటి అభ్యంతరం లేదనీ, దుకాణం తాను చూసుకుంటాననీ రాసి సంతకం చేసింది. నేను ముద్ర వేసి, కింద రాశాను:

"ఇరు సగములూ నా సమక్షమున హాజరై సంతకము చేసినవి."